మొవ్వాకు సిలువ

పదమూడేళ్లుగా ఈ మాట నా డైరీలో కూడా రాయలేదు. ఎవరూ చదవని డైరీకి కూడా చెప్పకుండా దాచానంటే, ఎవరికి భయపడ్డట్టు? మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అరకులో మా పక్కిల్లు టీచరమ్మది. వాకిలి నిండా పామ్ మొక్కలే. అందులో బాటిల్ పామ్ అంటే ఆమెకు ప్రాణం. విశాఖ నుంచి కిరండూల్ రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. చలికాలం సాయంత్రాల్లో దానికి గోనెసంచి చుట్టేది. ఆ తడి గోనె వాసన ఎక్కడ తగిలినా నాకు ఇప్పటికీ ఆ వాకిలే.

శుక్రవారం సంతకు కొండ దిగివచ్చే సోంబారి తన మేకను అక్కడే కట్టేసి వెళ్లేది. తిరిగొచ్చాక టీచరమ్మ దగ్గర పలక మీద దిద్దేది. నలభై దాటిన మనిషి. తన పేరు తాను రాసుకోవాలని ఆశ. 'సో' రాసి పక్కన సున్నా పెట్టడం వరకూ వచ్చింది.

మట్టల ఆదివారం దగ్గరపడింది. చర్చికి అందరూ ఈతాకుతో సిలువలు అల్లుతారు. నాకు అందరికంటే అందమైనది కావాలి. పామ్ నడినెత్తిన, ఇంకా విచ్చుకోని మొవ్వాకు వెన్నలా ఉంది. ఆ శుక్రవారం ఎవరూ లేనప్పుడు మొదలు దాకా కత్తి దించి కోశాను. కాఫీ మొక్క తల తుంచితే పక్కనుంచి చిగుళ్లు వస్తాయని నాన్న తోటలో చూసినదాన్ని. పామ్‌కు ఉండేది ఒక్క మొవ్వేనని నాకేం తెలుసు? ఇలా అనుకుని ఎన్నోసార్లు నన్ను నేను క్షమించుకున్నాను. కోసినందుకు సరే, తర్వాత అన్న మాటకో?

"ఏటే సోంబారీ, నీ మేక మొవ్వు తినేసింది. ఇంకీ సెట్టు బతకదు."

"నా మేక కట్టినకాడే ఉంది టీచరమ్మా. కొరికితే ఇంత సాపుగా తెగుతాదా?"

"అయితే మేక కత్తట్టుకొచ్చిందేటి?" టీచరమ్మ నా వైపు తిరిగింది. "గుంటా, నువ్వు సూసేవా?"

"తాడు ఇప్పుకుంది టీచరమ్మా. నేనే మళ్లీ కట్టేను."

సోంబారి నన్ను చూసింది. మేకను విప్పుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఆ వాకిట్లో అడుగు పెట్టలేదు. వానలకు ముందే పామ్ ఎండిపోయింది. పలక మాత్రం చాలాకాలం అరుగు మీదే ఉంది. నా సిలువను చర్చికి తీసుకెళ్లలేకపోయాను. అది ఇప్పటికీ నా బైబిల్లో ఉంది, పసుపురంగు పోయి మట్టిరంగుకు వచ్చింది.

టీచరమ్మ ఇప్పుడు లేదు. మొన్న బ్యాంకు వరుసలో నా ముందు సోంబారి. సంతకం అడిగితే ఎడమ బొటనవేలు చాపింది. సిరా తలకు తుడుచుకుంటూ వెనక్కి తిరిగి నన్ను గుర్తుపట్టింది.

"బాగా సదూకున్నావంట గదే గుంటా," అని నవ్వింది.

నా చేతిలో పెన్ను ఉంది. తలూపాను.

మొవ్వు కోసింది నేను. మేక కట్టినచోటే ఉంది.

రాసేశాను.