ఊదారంగు నీళ్ళ బేసిన్

అమలాపురంలో దిగిన రోజే ఆ ఊరి మీద కోపం వచ్చింది నాకు. కారణం చెప్పుకోవడం సిగ్గుచేటు. అక్కడ అందరూ మరీ మర్యాదస్తులు. లాడ్జి గుమస్తా తాళంచెవి ఇస్తూ, "ఫ్యాను కొంచెం చప్పుడు చేస్తాదండి, ఏమీ అనుకోకండి" అన్నాడు. నేను అనంతపురం జిల్లావాణ్ణి. ఎవరైనా ఇంత మెత్తగా మాట్లాడితే మాకు అనుమానం వస్తుంది. పైగా ఎటు చూసినా నీళ్ళు. గదిలో ఆరేసిన చొక్కా రెండు రోజులైనా తడిగానే ఉండేది. సాయంత్రాలు గడియారస్తంభం దాకా నడిచి, పలకరించేవాళ్ళు లేక తిరిగి వచ్చేవాణ్ణి.

రొయ్యల మేత తయారుచేసే కంపెనీ నన్ను పది రోజుల పనిమీద ఒక్కణ్ణే పంపింది. కాట్రేనికోన వైపు చెరువులు తిరిగి, రొయ్యలు మేత ఎలా తింటున్నాయో రాసుకోవాలి. పెద్ద ఆఫీసరులా కనబడాలని కొత్త తోలు బూట్లు కొనుక్కున్నాను. బురదగట్ల మీద తిరగడానికి తోలు బూట్లు! నా తెలివి అంతవరకే.

మూడో రోజు పొద్దున చూసిన చెరువులో రొయ్యలు గట్టువార నీరసంగా తేలుతున్నాయి. ఒకదాన్ని తీసి వెలుగులో చూస్తే పెంకు మీద తెల్లమచ్చలు. సోకితే చెరువంతా ఊడ్చుకుపోయే జబ్బు అది. రైతు నా చెయ్యి పట్టుకుని, "ఎవరితోనూ అనకండి బాబూ" అన్నాడు. సరేనన్నాను. బూట్లకంటిన ఆ గట్టు బురదతోనే తరవాతి చెరువుకి వెళ్ళాను.

అది ఒకావిడది. భర్త వేటకెళ్ళి సముద్రంలో పోతే, ఉన్న పడవ అమ్మి ఆ ఒక్క చెరువూ కౌలుకు తీసుకుంది. ఇంకో మూడు వారాల్లో రొయ్యలు పట్టాలి. గట్టు మొదట్లో, మందు కలిపిన ఊదారంగు నీళ్ళతో ప్లాస్టిక్ బేసిన్ ఉంది. ఒక చెరువు జబ్బు ఇంకో చెరువుకి కాళ్ళతో రాకుండా, ఎవరొచ్చినా అందులో కాళ్ళు ముంచాకే గట్టెక్కాలి. ఆవిడ ముంచి ఎక్కింది. నేను బేసిన్ వైపూ బూట్ల వైపూ చూశాను.

"అయ్యో, మీకెందుకండీ! కొత్త బూట్లు పాడైపోతాయి. కంపెనీవారు, మీకు తెలీనిదా? అలా వచ్చేయండి సార్" అంది.

తెలుసు. ఎక్కడ నిలబడి వచ్చానో నాకొక్కడికే తెలుసు. అయినా గట్టెక్కాను. ఆవిడ కొట్టించిన బొండం తాగి, చెరువు బాగుందని మెచ్చుకుని మరీ వచ్చాను.

తొమ్మిదో రోజు ఫోన్ చేసింది. "చెరువు మీద కాకులు దిగుతున్నాయండి. ఒక్కసారి రాగలరా సార్?"

వెళ్ళేసరికి గట్టు పొడవునా చచ్చిన రొయ్యలు. ఆవిడ మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి వలబుట్టతో ఎత్తిపోస్తోంది.

"ఏం తప్పు చేసేనో తెలీటం లేదండి. మేత ఎక్కువేసేసేనాండీ?"

"కాకులు కూడా తెస్తాయమ్మా ఈ జబ్బు" అన్నాను. అబద్ధం కాదు. అందుకే అంత సులువుగా నోట వచ్చింది.

"ఆయ్" అని తల ఊపింది. నన్ను నమ్మింది. ఆ నమ్మకానికి ఒళ్ళు మండింది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండుననిపించింది.

రోడ్డు మీద ఆటో ఆగి ఉంది. నేను గట్టు దిగబోతుంటే ఆవిడ గబగబా వచ్చి బేసిన్ నా ముందుకు జరిపింది.

"ఏమీ అనుకోకండి సార్. ఆ రోజు నేనే వద్దన్నాను గానీ, ఇవాళ మాత్రం బూట్లు ముంచి వెళ్ళండి. ఆ పక్క చెరువు మా తోడికోడలిదండి. మా జబ్బు మీ కాళ్ళతో దానికి వెళ్ళకూడదు."

రెండు బూట్లూ ముంచి నిలబడ్డాను. చెప్పాల్సింది ఒక్క మాట. ఆవిడ ఎదురుగానే ఉంది, వినడానికి ఇంకెవరూ లేరు. అయినా చెప్పకుండానే ఆటో ఎక్కాను.