ఈగలపెంట ఘాటు దిగిన రోజు

శనివారం పొద్దున ఐదున్నరకు అమీర్‌పేటలోని మా గల్లీ నుంచి బయలుదేరాం. కారు నాదే. సెకండ్ హ్యాండ్‌లో కొని నాలుగు నెలలైంది. నేను పంజాగుట్టలో ఒక కళ్లద్దాల షాపులో పనిచేస్తాను. ఇంటికీ షాపుకీ మధ్య ట్రాఫిక్‌లో నడపడం తప్ప పెద్ద రోడ్ల అలవాటు లేదు. అయినా డిసెంబరు చలిలో కృష్ణ లోయ చూడాలని పట్టుబట్టాను. నల్లమల కొండల్ని కోసుకుంటూ నది పారే ఆ చోటు గురించి మా నాయిన నోట వింటూ పెరిగినదాన్ని. ఆయన ఇరవై రెండేళ్లు అమీర్‌పేట నుంచి శ్రీశైలానికి టూరిస్టు వ్యాన్ నడిపాడు.

ఎనిమిదేళ్ల క్రితం ఆ దారిలోనే, ఈగలపెంట దాటాక వచ్చే ఘాటు రోడ్డులో, ఆయన వ్యాన్‌కు బ్రేకులు పోయాయి. బండిని కొండకు తగిలించి ఆపాడు. ఒకామెకు చెయ్యి విరిగింది. మిగతా పదహారు మంది క్షేమంగా బయటపడ్డారు. ఆ యాత్రికులే తర్వాత మా ఇంటికొచ్చి ఆయనకు శాలువా కప్పారు. అప్పటినుంచి నాయిన స్టీరింగ్ ముట్టుకోలేదు. వయసైపోయింది అన్నాడు. మేమూ నమ్మాం.

ఒక్కదాన్నే పోతానంటే నాయిన మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు, "నేనొస్త. ఎనుక సీట్ల కూసుంట," అన్నాడు. బయలుదేరేటప్పుడు మాత్రం ముందు సీట్లోనే కూర్చున్నాడు.

తుక్కుగూడ దాటేసరికి తెల్లవారింది. కడ్తాల్‌లో టీ తాగాం. ఎనిమిదింటికి డిండి చెరువు ఎదురుగా ఇడ్లీలు తిన్నాం. నాయిన ఒకటి తిని ప్లేటు పక్కకు నెట్టేశాడు. హాజీపూర్ చౌరస్తాలో పెట్రోలు పోయించాను. వెళ్లేవాళ్లు అక్కడే ట్యాంకు నింపుకోవడం మంచిది. తొమ్మిదిన్నరకు మన్ననూరు చెక్‌పోస్టులో బండి నంబరు రాసుకుని రసీదు ఇచ్చారు. రాత్రి తొమ్మిది తర్వాత గేటు మూసేస్తారు, పొద్దున ఆరుదాకా ఎవరినీ వదలరు. గేటు దాటిన కాసేపటికే ఫోన్లో సిగ్నల్ పోయింది.

తర్వాత అంతా అడవే. రోడ్డుకు అడ్డంగా దుప్పులు దాటాయి. కాకతీయుల నాటిదని చెప్పుకునే పాత కోట గోడ చెట్ల మధ్య నల్లగా కనిపించింది. నిజాం కాలంలో వేటకొచ్చినవాళ్లు దిగిన బంగళా ఫర్హాబాద్ గేటు లోపల శిథిలంగా ఉందట. ఒకసారి దిగి చూద్దామా అని అడిగాను. నాయిన వినలేదు. తలుపు పైనున్న పిడిని పట్టుకుని, కుడికాలితో నేలను నొక్కుతూ కూర్చున్నాడు, అక్కడ బ్రేకు ఉన్నట్టు.

పదకొండుంబావుకు ఈగలపెంట దాటి ఘాటు దిగడం మొదలుపెట్టాం. వాలు మొదలవగానే గేరు న్యూట్రల్‌లో వేశాను. చిన్నప్పుడు సెలవుల్లో వ్యాన్‌లో పక్కన కూర్చున్నప్పుడు నాయిన అలాగే చేసేవాడు. ఇంజను హోరు తగ్గి బండి గాలిలో తేలినట్టు పోతుంటే చప్పట్లు కొట్టేదాన్ని. ఇప్పుడు కూడా అలాగే తేలుతూ దిగింది. ప్రతి మలుపులో బ్రేకు తొక్కుతున్నాను. కుడి పక్కన రోడ్డు అంచు, అవతల ఖాళీ, ఎక్కడో అడుగున నది.

నాలుగైదు మలుపుల తర్వాత గుడ్డ మాడిన వాసన వచ్చింది. ఇంకో మలుపులో బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా లోపలికి పోయింది. బండి ఆగలేదు. యాభై దాటింది. మళ్లీ తొక్కాను. అంతే.

"నాయినా!"

ఆయన వైపు చూశాను. ముఖమంతా చెమట. పెదవులు కదులుతున్నాయి, మాట రావట్లేదు. ఆ ముఖం చూశాక చచ్చిపోతామని నాకు నిజంగా అనిపించింది. కింద మలుపు దగ్గరికొస్తోంది. ఎదురుగా లారీ హారన్ కొడుతూ పైకెక్కుతోంది.

అప్పుడు వచ్చింది ఆయన గొంతు. "కాలు తియ్యి! తీసి మళ్ల బ్రేకు కొట్టు, కొడుతనే ఉండు! మూడో గేర్ల వెయ్యి!"

వేశాను. ఇంజను అరిచింది.

"రెండుల! భయపడకు, ఇరగదు, వెయ్యి! కొండ దిక్కు తిప్పు. హ్యాండ్‌బ్రేకు నేను గుంజుత."

ఆయన చెయ్యి కొద్దికొద్దిగా హ్యాండ్‌బ్రేకు లాగింది. లారీ మమ్మల్ని రాసుకున్నట్టే దాటిపోయింది. ఎడమ చక్రాలు కాలువలోకి దిగాయి. తలుపులు రాతికి గీసుకుంటూ పోయి, కారు కుదుపుతో ఆగింది. కొంతసేపు స్టీరింగ్ మీదనుంచి నా చేతులు రాలేదు.

ముందు చక్రాల నుంచి పొగ వస్తోంది. బైకు మీద వస్తున్న ఫారెస్టు వాచర్ ఆగాడు. చెంచు మనిషి, యాభై ఏళ్లుంటాయి. పేరు ఈదన్న అని చెప్పాడు. నేను నీళ్ల బాటిల్ తీస్తే వద్దన్నాడు.

"ఎర్రగ కాలిన ఇనుము మీద నీళ్లు పోస్తే పగుల్తది తల్లీ. గంట సేపు అట్లనే ఇడువుండ్రి. కానీ బండి దిగకుండ్రి. పొద్దుగాల తల్లి ఎలుగు పిల్లల్ని ఈపు మీదేసుకొని గీడనే దాటింది. అద్దాలు ఎక్కిచ్చుకోండ్రి."

మనుషుల్ని పంపిస్తానని చెప్పి వెళ్లిపోయాడు. అద్దాలు ఎక్కించుకుని కూర్చున్నాం. పైన చెట్లలో కొండముచ్చులు ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టాయి. రోడ్డుకు అవతల, అంచు పక్కనున్న పొదలు కదిలాయి. నల్లటి వీపు ఒకటి పైకి లేచింది. ముక్కు గాల్లోకి ఎత్తి మా వైపు తిరిగింది. మా మధ్య ఉన్నది ఆ రోడ్డు వెడల్పే. ఎంతసేపు అలా నిలబడిందో చెప్పలేను. చివరికి పొదల్లోకి దిగిపోయింది. కొండముచ్చులు చాలాసేపటికి గాని ఊరుకోలేదు.

అవి ఊరుకున్నాక నాయిన అన్నాడు: "గప్పుడు నా బ్రేకులు వాటంతట అవి పోలే బిడ్డా."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"డీజిల్ మిగుల్తదని న్యూట్రల్‌ల ఇడిశిన. గేరు లేకుంటే బరువంత బ్రేకుల మీదనే పడ్తది. ఇరవై రెండేండ్లు గట్లనే ఇడిశిన. ఏం కాలే. ఆ దినం బ్రేకులు కాలినయ్. పదిహేడు మందిని సంపబోయిన."

"మరి శాలువా కప్పినప్పుడు?"

"కప్పిండ్రు. కప్పుకున్న." అద్దంలోంచి పొదల వైపే చూస్తున్నాడు. "చెయ్యి ఇరిగినామె సుత ఇంకో చేత్తోని దండం పెట్టింది. నేను నోరు తెరిచి నిజం చెప్పలే."

"ఇందాక నేను న్యూట్రల్ వేసినప్పుడు చూశినవా?"

"చూశిన."

"మరెందుకు చెప్పకపోతివి?"

"వద్దంటే, ఎందుకని అడుగుతవ్ గద."

కోపం వచ్చింది. ఆ కోపంలో దిగి నడిచిపోదామనుకున్నాను, కానీ ఎలుగు గుర్తొచ్చి తలుపు తీయలేకపోయాను. ఆయన పక్కనే కూర్చుని ఏడ్చాను. ఆయన నా భుజం మీద చెయ్యి వెయ్యబోయి మళ్లీ తీసుకున్నాడు.

పన్నెండున్నరకు ఈదన్న పంపిన ఇద్దరు మనుషులొచ్చి కారును కాలువలోంచి నెట్టారు. అప్పటికి బ్రేకు గట్టిపడింది. రెండో గేరులో, నడిచేవాళ్లంత నెమ్మదిగా దిగాం. "ఇప్పుడు జర తొక్కు. ఇడువు. మళ్ల తొక్కు," అని నాయిన చెబుతూనే ఉన్నాడు. వంతెన మీదికొచ్చాక నది కనిపించింది. రెండు వైపులా నిట్టనిలువు రాతిగోడలు, మధ్యలో ముదురాకుపచ్చ నీళ్లు, ఎగువన గోడలా డ్యాము. ఇంత లోతులో పడేవాళ్లమా అనుకున్నాను. అందం ఆ తర్వాతే కనిపించింది.

సున్నిపెంటలో మెకానిక్ బ్రేకులు విప్పి, మాడిపోయిన ప్యాడ్లు మార్చాడు. శ్రీశైలంలో సత్రంలో గది దొరికింది. సాయంత్రం గుడి ప్రాకారం చుట్టూ నడిచాను. ఆ గోడ నిండా వందల ఏళ్లనాటి శిల్పాలు. ఏనుగులు, గుర్రాలు, పులిని పొడుస్తున్న వేటగాళ్లు. నాయిన నాలుగడుగులు వెనకే వచ్చాడు.

ఆదివారం ఎనిమిదింటికి రోప్‌వేలో పాతాళగంగకు దిగి మోటారు బోటు ఎక్కాం. లైఫ్ జాకెట్ తాడు నాయినే బిగించాడు. ముందు కూర్చున్న పెద్దావిడ మొసళ్లున్నాయా అని అడిగితే, "ఉండాయి లేమ్మా. నీళ్లలో చెయ్యి పెట్టగాకు," అన్నాడు బోటతను. అందరం చేతులు ఒళ్లో పెట్టుకున్నాం. ఒడ్డు బండల మీద నీటికుక్కలు నాలుగు ఎండ కాగుతూ కనిపించాయి.

"డ్యాము కట్టకముందు ఈడ ఊళ్లుండె," అన్నాడు నాయిన. "నీళ్ల కింద ఉన్నయ్ ఇప్పుడు."

"ఆమె ఎక్కడుంటది? చెయ్యి ఇరిగినామె?"

"కృష్ణానగర్ల."

"ఆమె దగ్గరికి పోదాం."

ఆయన నా జాకెట్ తాడు మరోసారి లాగి చూశాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు తిరుగు ప్రయాణం. వంతెన దాటి ఘాటు ఎక్కుతుండగా నాయిన అద్దం దించి తల బయటపెట్టాడు. "ఆపు. జల్ది ఆపు!" పై మలుపులోంచి తెల్ల టూరిస్టు వ్యాన్ దిగుతోంది. ఇంజను చప్పుడు లేదు, టైర్ల రొద మాత్రమే వినబడుతోంది. నేను కారు ఆపేలోపే నాయిన దిగి, తువ్వాలు ఊపుతూ రోడ్డు మధ్యకు పోయాడు. వ్యాన్ కీచుమంటూ ఆయనకు రెండు గజాల దూరంలో ఆగింది.

"సస్తవా ముసలోడా!" అని అరిచాడు డ్రైవరు.

"గేర్ల వెయ్యన్నా. కాళ్లు మొక్కుత. న్యూట్రల్‌ల దిగకు."

"నాకు నేర్పుతున్నవా? పదేండ్ల సంది నడుపుతున్న ఈ రోడ్డు మీద."

"నేను ఇరవై రెండేండ్లు నడిపిన. గిట్లనే దిగి, ఆ పై మలుపుల పదిహేడు మందిని సంపబోయిన. తప్పు నాదే. ఒకామె చెయ్యి ఇరగ్గొట్టిన."

అంత గట్టిగా చెప్పాడు. వ్యాన్ కిటికీల్లోంచి ముఖాలన్నీ బయటికి వంగాయి. లోపలినుంచి ఒకావిడ, "గేర్ల వెయ్యి నాయినా," అంది. డ్రైవరు ఏదో గొణిగి గేరు వేశాడు. ఇంజను హోరు మలుపులు తిరుగుతూ కిందికి పోయింది. అది పూర్తిగా వినబడకుండా పోయేదాకా నాయిన రోడ్డు అంచున నిలబడ్డాడు.

రాత్రి ఏడున్నరకు పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. లోయ ఎలా ఉందని రేపు షాపులో అడుగుతారు. అంత అందమైన చోటును నేనింకెక్కడా చూడలేదు. మళ్లీ వెళ్తానని మాత్రం చెప్పలేను. చుట్టూ హారన్లు మోగుతుంటే నాయిన నెమ్మదిగా అడిగాడు.

"ఆ వ్యాన్ మంచిగ దిగే ఉంటదా బిడ్డా?"

"దిగే ఉంటది నాయినా," అన్నాను. నాకెలా తెలుస్తుంది?