తాళాల కంపెనీ కన్ను

ఒక పేటలో ఉండే టైటిళ్ళాయన తన భార్య కన్ను పీకి తాళాల కంపెనీకి ఇచ్చేశాడు. పీకాడనడం కొంచెం ఎక్కువే. చూసి గీసి ఇచ్చాడు. అయినా ఆ తర్వాత జరిగింది వింటే పీకడమే నయమనిపిస్తుంది.

ఆయన పని సినిమా పేర్లు రాయడం. మబ్బుల్లోంచి తేలివచ్చే పేర్లు, నెత్తురు కారే పేర్లు, అన్నీ గాజుపలకల మీద కుంచెతో రాసేవాడు. మధ్యమధ్య కంపెనీలకు గుర్తులు గీసేవాడు. తాళాల కంపెనీ పెద్దాయన, తాళంకప్ప నడుమ కాపలా కాసే కన్ను కావాలన్నాడు. టైటిళ్ళాయన భార్యను కిటికీ ముందు కూర్చోబెట్టాడు.

"రెప్ప వాల్చకు."

"పొయ్యి మీద పాలున్నాయండీ. పొంగితే మీ కంపెనీవాళ్ళొచ్చి తుడుస్తారా?"

ఉన్నదున్నట్టు గీయడం ఆయనకున్న జబ్బు. నల్లగుడ్డులో మెరుపుచుక్క పెట్టబోయి, అందులో కనబడిందంతా దించేశాడు. కిటికీ చువ్వలు, వాటి ముందు కుంచె పట్టుకుని వంగిన ఆవగింజంత మనిషి. ఆ మనిషి తనేనన్న ధ్యాస లేదు.

ఆ కన్నుతో ఊరంతా కంపెనీ బోర్డులు లేచాయి. నాటినుంచి ఆవిడ వంటింట్లోంచి కదలకుండానే, "బస్టాండు దగ్గర ఆ సిగరెట్టు ఎవరిచ్చారండీ?" అనేది. బస్టాండు ఎదుట బోర్డుంది. పక్కసందులో లేదు. అక్కడ కాల్చినవి ఆవిడకు తెలిసేవి కావు. పోనుపోను టైటిళ్ళాయన సందుల మనిషైపోయాడు.

పెద్దాయన పోయాక కొడుకు పెత్తనానికొచ్చాడు. "గుర్తు పాతబడింది మేష్టారూ. ఆ చుక్కా గిక్కా తీసేయండి. నున్నగా ఉండాలి."

టైటిళ్ళాయన ఎగిరి గంతేసినంత పని చేసి తీసేశాడు. ఇక సందులక్కర్లేదు.

బోర్డులు ఒక్కొక్కటే మారాయి. మొదట ఆవిడ సిగరెట్ల మాటెత్తడం మానేసింది. తర్వాత కంచం ఒక్కటే పెట్టుకోసాగింది. ఒక మధ్యాహ్నం ఆయన ఎదురుగా నిలబడి ఉండగా, ఆయనలోంచి గోడ గడియారం వైపు చూసి, "ఈయన ఇంకా రాలేదేంటో" అనుకుంది.

"ఏమే, ఇక్కడే ఉన్నా."

తల తిప్పింది. చూపు మాత్రం ఆయన మీద ఆగలేదు. గడియారం వెనక బల్లి కనబడింది. దాన్ని అదిలించింది కూడా.

ఆయన వంగి ఆవిడ కంట్లోకి చూశాడు. కిటికీ చువ్వలున్నాయి. వాటి ముందు మనిషి లేడు.

సన్నకుంచె, క్షవరం అద్దం పట్టుకుని బస్టాండుకు పరుగెత్తాడు. పట్టపగలు, అందరూ చూస్తుండగా బోర్డుకు నిచ్చెన వేసి ఎక్కాడు. ఇన్నేళ్ళ పనిలోనూ తెలిసి తనను తాను ఎన్నడూ గీసుకోలేదు. అద్దంలో చూసుకుంటూ బట్టతల, వంగిన నడుము, ఉన్నదున్నట్టు నల్లగుడ్డులో ఆవగింజంత చోట కుదించాడు. అలవాటుగా నోట్లో సిగరెట్టొకటి పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి అడుగుపెట్టే ధైర్యం చాల్లేదు. ఆవిడ కూర తరుగుతూ తలెత్తింది.

"అంత నిచ్చెన మీద ఆ సిగరెట్టేంటండీ? జారితే?"

టైటిళ్ళాయన అక్కడే గడప మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వాడో ఏడ్చాడో.

ఇదంతా నిజమేనా అని ఎవరైనా అడిగితే, వాళ్ళను పక్కసందులోకి తీసుకెళ్ళి మరీ చెబుతాడు.

"ఉత్త కోతలు. మా ఆవిడకు చత్వారం వచ్చింది, అద్దాలు మార్పించాం. బోర్డు మీద మనిషేంటి? అది కాకిరెట్ట."