పెదనాన్న నేర్పిన మాటలు

ఆర్పిన కొవ్వొత్తి పొగ వాసన తగిలితే ఎవరికైనా భక్తి కలుగుతుందేమో, నాకు మాత్రం ఇప్పటికీ మా పెదనాన్న గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది. పొద్దుగూకే వేళ జపం కాగానే ఆయన రెండు వేళ్లు నాలుకకు తడుపుకుని, చుయ్యిమని ఒత్తి నలిపి, ఆ పొగలోనే అరుగు మీద మా నలుగురు పిల్లలకీ మాటలు నేర్పడం మొదలుపెట్టేవాడు.

అది ఈస్టరుకి ముందొచ్చే ఉపవాసాల తపస్సుకాలం, మిరపకాయల కాలం కూడాను. ఇంటి ముందు కల్లంలో ఎర్రగా పరిచిన కాయల ఘాటుకు మేం తుమ్ముతూ, చీదుకుంటూ, సర్వేశ్వరుడు, జ్ఞానస్నానం, పాపసంకీర్తనం, దివ్యసత్ప్రసాదం అని వల్లించేవాళ్లం. గుడి అన్నామా, చింతబరికె పడేది. "గుడి కాదే, దేవాలయం!" శుక్రవారాలు మాంసం ముట్టకూడదని మాకు గంజి పోయించి, తను మాత్రం కొత్తపట్నం నుంచి తెప్పించిన వంజరం ముక్కలు నేతిలో వేయించుకుని, చేప మాంసం కాదని చెబుతూ ముల్లు కూడా మిగల్చకుండా తినేవాడు. దాన్ని ఉపవాసం అనాలని కూడా ఆయనే నేర్పాడు.

నాకు తొమ్మిదేళ్లు. ఆ ఈస్టరుకి మొదటిసారి సత్ప్రసాదం తీసుకోవాలి. ఒకరోజు వల్లిస్తూ వల్లిస్తూ ఆగి అడిగాను.

"ఉత్తరించు స్థలమంటే ఏంటి పెదనాన్నా?"

"ఉత్తరం వైపుండే చోటు," అన్నాడాయన, రెప్ప వేయకుండా.

కల్లంలో తాలుకాయలు ఏరుతున్న శౌరమ్మ నవ్వేసింది. ఆవిడ మాకు కూలికొచ్చే ముసలి మనిషి, అక్షరం ముక్క రాదు. ఊరికి పెడగా ఉన్న పల్లెలో ఉండేది. ఆదివారం మాతో ఒకే దేవాలయానికి వచ్చినా, మేం ముందు చాపల మీద, వాళ్లు వెనక వట్టి నేల మీద.

"కాదయ్యా. చచ్చిపోయినోళ్ల ఆత్మలు మోక్షానికి పోయేముందు పాపం కడుక్కునే చోటంట. మా ఉపదేశిగారు చెప్పారు."

పెదనాన్న మొహం కాయల కంటే ఎర్రబడింది. "నువ్వా నాకు చెప్పేది? లే! రేపట్నుంచి మా కల్లం తొక్కితే కాళ్లిరగ్గొడతా!"

ఆవిడ ఒళ్లోని కాయలు దులుపుకుని లేచి వెళ్లిపోయింది. ఆ ఏడు మళ్లీ మా ఇంట్లో పనికి పిలవలేదు.

ఈస్టరు ముందు ఆదివారం, పూజ అయ్యాక ఫాదరుగారు పిల్లలందర్నీ నిలబెట్టి ప్రశ్నలు వేశారు. నా వంతుకి ఉత్తరించు స్థలమే వచ్చింది. శౌరమ్మ మాటల్నే కాస్త పుస్తకం భాషలోకి మార్చి చెప్పాను. ఆయన మురిసిపోయి, మరియమ్మ బొమ్మ ఒకటి నా చేతిలో పెట్టి, "ఎవరు నేర్పారమ్మా?" అన్నారు.

ముందు వరసలో పెదనాన్న ఉత్తరీయం సర్దుకుంటూ గొంతు సవరించుకున్నాడు. వెనక నేల మీద శౌరమ్మ మెడ చాచి చూస్తోంది.

"మా పెదనాన్నండి," అన్నాను.

బయటికొచ్చాక శౌరమ్మ ఎదురైంది. తిడుతుందనుకున్నాను. "బాగా చెప్పారు అమ్మాయిగారూ," అని పక్కకి తప్పుకుని దారిచ్చింది.

మొదటి పాపసంకీర్తనంలో ఫాదరుగారి ముందు మోకరిల్లి బెల్లం దొంగిలించానని చెప్పాను, చెల్లెల్ని గిల్లానని చెప్పాను. ఇది చెప్పలేదు. పెదనాన్న వల్లె వేయించిన పాపాల్లో ఇలాంటిది లేదు మరి.

ఇప్పుడు ఆ కల్లం లేదు, అరుగు లేదు. పిల్లలు మాస్, కన్ఫెషన్ అంటున్నారు. ఆ పాత మాటలు తెలిసినవాళ్లు ఊళ్లో ఇద్దరో ముగ్గురో. శౌరమ్మని ఎక్కడ పూడ్చారో అడిగితే పల్లెలో ఎవరూ చెప్పలేకపోయారు. దేవాలయం గోడకి మాత్రం ఒక పాలరాయి ఉంది, మా పెదనాన్న ఊరి పిల్లలకు జ్ఞానోపదేశం చేసిన మహనీయుడని. అక్షరం తప్పు లేకుండా ఉంటుంది ఆ రాత. రాసిచ్చింది నేనే.