సొరకాయల దగ్గర కూర్చుని మునగాకు అమ్మాను

పిల్లలూ, మీ అవ్వ గొంతు పెంచి మాట్లాడదని మీకు తెలుసు కదా. ఆ మెత్తని గొంతుతోనే ఒకసారి పచ్చగా కాసే సొరతీగను ఎండబెట్టినంత పని చేశాను. అంత ఘోరం ఎలా జరిగిందో వినండి.

అప్పట్లో మేం పండించిన కూరగాయలను శామీర్‌పేట రోడ్డు పక్కన పెట్టి అమ్మేవాళ్ళం. ఆ ఎండాకాలం బోరు మోటరు కాలిపోతే మేడ్చల్‌లో రిపేరుకు ఇచ్చారు. మీ తాత నన్ను సొరకాయల కుప్ప ముందు కూర్చోబెట్టారు.

"ఇవి అమ్ముడువోతేనే మోటరు ఇంటికొస్తది. లేకుంటే తీగ ఎండిపోతది. జర మంచిగ మాట్లాడి అమ్ము."

మాట్లాడటమే కదా! ముందురోజే అంగన్‌వాడీలో ఏ కూరలో ఏ బలముందో విడమరిచి చెప్పారు. నా తల అప్పుడే నింపిన గ్యాస్ బండలా బరువుగా ఉంది.

యాప్రాల్ నుంచి కారులో ఒకామె వచ్చి దిగింది. "పెద్దమ్మా, మా పాపకు రక్తం తక్కువున్నదట. సొరకాయ పెట్టాల్నా?"

"సొరకాయల నీళ్ళే ఎక్కువ బిడ్డా. ఇనుము కావాల్నంటే మునగాకు తినాలె. అగో, మా ఎల్లమ్మ గంపల ఉన్నది సూడు."

పక్కనే ఆకుకూరలు అమ్మే ఎల్లమ్మ నోరెళ్ళబెట్టింది. నేను మాట మార్చేలోపు ఆ కారామె సంచిని మునగాకుతో నింపేసింది.

ఇంకొకాయన వచ్చి కళ్ళకు ఏది మంచిదని అడిగాడు. "తోటకూర, మునగాకు, క్యారట్. సొరకాయ ఏం జేస్తది పాపం, గ్లాసెడు నీళ్ళు తాగినట్టే" అన్నాను.

"అక్కా, ఇంకొంచెం గట్టిగ జెప్పు" అంది ఎల్లమ్మ. "ఆ బస్సుల ఉన్నోళ్ళకు ఇనవడతలేదు!"

సాయంత్రానికి ఎల్లమ్మ గంప దులిపి బోర్లించింది. నా సొరకాయలు మాత్రం వడ్డించడం మరిచిపోయిన పెళ్ళిబంతిలా అలాగే కూర్చున్నాయి.

తాత వచ్చారు. "ఏమే, ఒక్కటన్న పోయిందా?"

"ఒకటి పోయింది."

"ఎవరు కొన్నరు?"

"మేక తిన్నది."

ఎల్లమ్మ చేతులు జోడించింది. "బావా, నీకు దండం పెడ్త. రేపు గూడ అక్కనే కూసోబెట్టు."

తాత మీసం దువ్వుకున్నారు. "కూసోబెడ్త. గని రేపు నీ గంప కాడ. మా కాయలు నేను సూసుకుంట. నువ్వు మధ్యాహ్నం దాంక ఇంటి కాడ ఆరాం తీసుకో."

ఎల్లమ్మ ఎంత మురిసిపోయిందో! నేనూ కాస్త గర్వపడ్డాను.

మర్నాడు ఎల్లమ్మ గంప ముందు కూర్చున్నాను. మొదటగా వచ్చినామె అడిగింది. "అమ్మా, మా అత్తకు జరమొచ్చి తగ్గింది. మునగాకు పెడితే మంచిదేనా?"

"బలమైతే మస్తుంటది బిడ్డా. గని జరం వడ్డ పాణానికి అంత జల్దీ అరగదు. సొరకాయ సల్లగుంటది, తేలిగ్గ అరుగుతది. అగో, మా ఆయన కాడ ఉన్నయి."

అలా అడిగినవాళ్ళందరినీ అటే పంపాను. మధ్యాహ్నానికల్లా తాత కుప్ప ఖాళీ. అమ్మడానికి ఆయన నోరు విప్పే పనే పడలేదు. తువ్వాల దులిపి, మోటరు తేవడానికి మేడ్చల్ వెళ్ళిపోయారు. అప్పుడే వచ్చిన ఎల్లమ్మ వాడిపోయిన ఆకు చూసి గుండె బాదుకుంది.

"అవ్వో! అక్కా, లే! ముందుగాల నా గంప కాడినుంచి లే!"

మిగిలిన ఆకంతా మేమే కొనుక్కున్నాం. మూడు పూటలూ మునగాకు పప్పే. ఆ పప్పు ముద్ద చేతిలో పట్టుకుని ఒట్టు పెట్టుకున్నాను: ఏ కూరలో ఏ బలముందో అడిగినవారికి నిజమే చెబుతాను గానీ, ఈ జన్మలో ఎవరి గంప ముందూ కూర్చోను.