సద్ది తెచ్చిన ఆడవాళ్ళం

పెళ్ళయి దాచేపల్లి దగ్గరి రాళ్ళ క్వారీకి కాపురానికి వచ్చేదాకా, నాపబండల్ని లారీకి ఎక్కించేది ఆడవాళ్ళని నాకు తెలియదు. మా పుట్టింటివాళ్ళది క్రోసూరు వైపు. అక్కడ మిరపకాయలు కోశాను, పత్తి తీశాను, కలుపు తీశాను. వంగి చేసే పనులన్నీ నాకు వచ్చు. ఇక్కడ పని వేరు. మగవాళ్ళు గడ్డపలుగులతో గుంటలో పొరలు పొరలుగా బండ లేపేవాళ్ళు. లేపిన బండను ఇద్దరేసి ఆడవాళ్ళం పట్టుకుని, వాలుదారిన పైకి మోసుకొచ్చి, లారీలో అంచు మీద నిలబెట్టేవాళ్ళం. పడుకోబెడితే దారి కుదుపులకు పగిలిపోతుంది. నిలబెట్టాలంటే కింద నుంచి ఒకరు భుజం ఆనించాలి, పైన లారీలో ఒకరు ఉండి లాక్కోవాలి.

నాకా పని నేర్పింది మా అత్త. పొట్టి మనిషి, మాట తక్కువ. ఆదివారం చర్చిలో వెనక గోడకు ఆనుకుని కూర్చునేది. పాట ఎత్తుకున్నాక మాత్రం ఆమె గొంతు అందరి గొంతులకన్నా పైన వినిపించేది. మా మామ ఆ క్వారీలో మేస్త్రీ. షావుకారు ఇచ్చిన డబ్బు తెచ్చి శనివారం సాయంత్రం కూలీలకు పంచేవాడు. నా మొగుడు బండలు లేపేవాళ్ళలో ఒకడు. మేమున్న ఇల్లు షావుకారు స్థలంలోది. గోడలూ బండలే, కప్పూ బండలే. తాగే నీళ్ళు షావుకారు బావిలోవి, తినే జొన్నలు షావుకారు కొట్లోవి. ఆయన చేతుల మీదుగా కాకుండా మాకొచ్చేది ఒక్క గాలే అని మా మామ నవ్వుతూ అనేవాడు. ఆ నవ్వులో నాకు ఎప్పుడూ సంతోషం కనిపించలేదు.

మగవాళ్ళకు ఇచ్చే కూలిలో మాకు సగం. సగమెందుకని కొత్తలో నా మొగుణ్ణి అడిగాను. ఆడకూలి అంతే అన్నాడు. ఎండాకాలం ఎండ కాస్తుంది అన్నంత మామూలుగా అన్నాడు. నేను మళ్ళీ అడగలేదు.

నాకు ఆడపిల్ల పుట్టి, అది బోర్లాపడే వయసులో ఉండగా, మాచర్ల నుంచి ఎర్రజెండా పార్టీ మనిషి ఒకాయన సైకిలు మీద వచ్చాడు. ఆదివారం, చర్చి విడిచిన వేళ. అందరం బయటే ఉన్నాం. రాతిపనికి ఇంతకంటే తక్కువ కూలి ఇవ్వకూడదని గవర్నమెంటు చట్టం తెచ్చిందనీ, ఆడవాళ్ళకు కూడా రేటు కట్టారనీ, అది మాకిప్పుడు వచ్చేదానికన్నా చాలా ఎక్కువనీ చెప్పాడు. గుంటూరు నుంచి ఆఫీసరు వచ్చి క్వారీలన్నీ చూస్తాడట. అడిగినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పమన్నాడు. మగవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. మాట్లాడింది మా అత్తే.

"చెప్పినందుకు షావుకారు పనిలోంచి తీసేస్తే ఎవురు పెడతారు బాబూ కూడు?"

ఆయన సైకిలుకు స్టాండు వేశాడు. "తీసేస్తే కొట్లాడాలమ్మా. కూడు పెడతానని నేను మాటియ్యలేను," అన్నాడు.

ఆయన వెళ్ళాక ఆడవాళ్ళు తలా ఒక మాట అన్నారు. వచ్చేవాళ్ళు వచ్చి చెప్పిపోతారు, పడేది మనం అన్నది వాళ్ళ మాటల సారాంశం. అత్త మాత్రం, ఆ మనిషి అబద్ధమాడలేదు, అది చూడండి అంది.

నాలుగు రోజులకు షావుకారు మా ఇంటికి వచ్చాడు. అంతకు ముందు ఆయన మా గడప తొక్కడం నేను చూడలేదు. మంచం వాల్చి దుప్పటి పరిచాం. ఆయన కేకలు వేసే మనిషి కాదు. లారీ కిరాయి ఎంత పెరిగిందో, గుంటూరులో బండ ధర ఎట్లా పడిపోయిందో నిదానంగా చెప్పాడు. చుట్టుపక్కల క్వారీలవాళ్ళెవరూ పాటించని చట్టం తనొక్కడే పాటిస్తే తన బండ ఎవరు కొంటారని అడిగాడు. ఆయన చెప్పినవన్నీ అబద్ధాలని ఇప్పటికీ అనలేను. చివరికి అసలు సంగతికి వచ్చాడు.

"మగాళ్ళకి చట్టం చెప్పిన కూలి ఇస్తా మేస్త్రీ. ఆడాళ్ళు నా కూలీలు కాదు. మొగుళ్ళకి సద్ది తెచ్చేవోళ్ళు. వచ్చినోళ్ళు ఊరికే కూర్చోలేక ఒక చెయ్యి వేస్తన్నారు. అంతే గదా?"

మామ తలూపాడు. షావుకారు లేచి, పిల్ల బుగ్గ గిల్లి, గడప దగ్గర ఆగి, ఆడవాళ్ళకు కూడా రేటు కట్టమని ఆఫీసరు పట్టుబడితే తనకు ఆడవాళ్ళే అక్కర్లేదని, అదేదో మామూలు సంగతిలాగా చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం మా ఇంట్లో జరిగిన మాటలు నాకు బాగా గుర్తు. నా మొగుడు ఉత్సాహంగానే ఉన్నాడు. మగకూలి పెరుగుతుంది, ఆడకూలి ఎప్పటిలాగే లోపాయికారీగా వస్తుంది, ఇంటికి లాభమే కదా, ఒక్క పూట సద్దిగిన్నె పట్టుకుని కూర్చుంటే పోయేదేముంది అన్నాడు. అతను అన్నదాంట్లో లెక్క తప్పు లేదు. నాకూ సరే అనెయ్యాలనే ఉంది. చంకలో పిల్ల, తల మీద వేరేవాళ్ళ కప్పు. అత్త పొయ్యి ముందు కూర్చుని సంగటి గెలుకుతోంది.

"మేమెత్తిన రాయి ముందే కూర్చుని మేమెత్తలేదని చెప్పాలా?" అంది.

"ఒక్క రోజే గదనే," అన్నాడు మామ.

"ఒక్క రోజు లేమని చెబితే, రేపట్నించి నిజంగానే లేం."

మామకు కోపం వచ్చింది. ఇల్లు ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోతావని అడిగాడు. కృష్ణ దాటి పోతావా, ముప్పాళ్ళలో నీ తమ్ముడి పంచన పడతావా అన్నాడు. అత్త సంగటి ముద్దలు చేసి కంచాల్లో పెట్టింది. సరే అనలేదు, కాదనలేదు. మామ దాన్ని ఒప్పుకోలుగానే తీసుకున్నాడు. నేనూ అట్లాగే అనుకున్నాను.

ఆఫీసరు వచ్చే రోజున మా చేత ఉతికిన చీరలు కట్టించారు. బండల గుట్ట నీడలో ఆడవాళ్ళందరం వరసగా కూర్చున్నాం, ఒక్కొక్కరి ముందూ గుడ్డ కట్టిన సత్తుగిన్నె. నా పక్కన నేల మీద పాత చీర పరిచి పిల్లను పడుకోబెట్టాను. ఎదురుగా సగం నిండిన లారీ. పనివేళ పని ముందు చేతులు ముడుచుకుని కూర్చోవడం ఎంత కష్టమో అప్పటిదాకా నాకు తెలియదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. నవ్వొచ్చిన వాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. కాసేపటికి ఆ నవ్వూ ఆగిపోయింది.

జీపు వచ్చింది. ఆఫీసరు చిన్న వయసువాడే. షావుకారు, మామ చెరో పక్కన నడుస్తూ గుంటంతా చూపించారు. మగవాళ్ళను కూలి ఎంతని అడిగితే చెప్పమన్నదే చెప్పారు. మా దగ్గరికి వచ్చి, ముందు కూర్చున్నది నేనే కనుక, నువ్వేం పని చేస్తావమ్మా అని నన్నడిగాడు. సద్ది తెచ్చానండీ అన్నాను. మా అత్తను అడిగాడు. అత్త గిన్నె గుడ్డ విప్పి చూపించింది.

"ఇది సంగటి బాబూ. ఇది గోంగూర పచ్చడి," అంది.

ఆఫీసరు గిన్నెలోకి తొంగిచూసి, జీపు వైపు తిరిగాడు. అప్పుడు లారీ డ్రైవరు, అతనొక సాయిబు, చాలా సేపటి నుంచి ఓపిక పట్టిన మనిషి, చీకటి పడేలోపు గుంటూరు చేరాలి, లోడు పూర్తి చేస్తారా లేదా అని గట్టిగా అడిగాడు. షావుకారు కంగారుగా మగవాళ్ళకు చెయ్యి ఊపాడు. ఎప్పుడూ వాళ్ళే ఎక్కిస్తున్నట్టు కనబడాలని మామే ముందుకు వెళ్ళి పెద్ద బండకు భుజం పెట్టాడు. పైన లారీలో నా మొగుడు. వాళ్ళకు బండను లేపడం తెలుసు కానీ నిలబెట్టే అలవాటు లేదు. సగం లేచాక బండ అంచు నా మొగుడి చేతిలోంచి జారింది. మొత్తం బరువు వెనక్కి, మామ ఛాతీ మీదికి వాలింది. ఆయన మోకాళ్ళు వంగడం చూశాను.

తర్వాత జరిగింది ఆలోచించి చేసింది కాదు. అత్త గిన్నె ఎటు పడిందో తెలియదు. అప్పటికే ఆమె బండ కింద భుజం పెట్టి ఉంది. నేను రెండో మూల పట్టుకున్నాను. ఇంకో ఇద్దరు పరుగెత్తుకొచ్చి మామను పక్కకు లాగి, వాళ్ళూ భుజాలు ఆనించారు. అత్త రోజూ బండ ఎక్కించేటప్పుడు వేసే కేకే వేసింది. ఆ కేకకు మా భుజాలన్నీ ఒక్కసారి లేచాయి. బండ వెళ్ళి లారీలో నిటారుగా నిలబడింది.

అంతా అయ్యాక మేం ఎక్కడున్నామో మాకు తెలిసింది. ఉతికిన చీరల నిండా రాతిదుమ్ము. నేల మీద సంగటి చిందరవందర. పిల్ల ఏడుస్తోంది. షావుకారు ఏదో చెప్పబోతే ఆఫీసరు చెయ్యెత్తి ఆపి, కాగితాలు తీసి, అత్త దగ్గరికి వచ్చి నీ పేరేమిటమ్మా అని అడిగాడు.

ఆ క్వారీలో ఆమెను అందరూ మేస్త్రీ పెళ్ళామనే పిలిచేవాళ్ళు. అత్త, నేల మీద ఛాతీ పట్టుకుని కూర్చున్న మామ వైపు చూసింది. ఆయన వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. అది ఆమె చూసింది, నేనూ చూశాను. చూసి కూడా అత్త తన పేరు చెప్పింది. ఆమె వెనక నేను చెప్పాను. ఒక్కొక్కరే అందరూ చెప్పారు.

ఆ తర్వాత కొన్ని వారాలు మాకు చట్టం రేటు ప్రకారం కూలి ఇచ్చారు. మొదటి శనివారం అత్త కృష్ణ చేపలు తెప్పించి పులుసు పెట్టింది. మామ తినలేదు. ఆయనకు ముందే తెలుసేమో. ఒక సోమవారం మేం పనికి వెళ్ళేసరికి కృష్ణ అవతలి నుంచి తెచ్చిన మగవాళ్ళు లారీకి బండలు ఎక్కిస్తున్నారు. వాళ్ళను ఎవరో కాంట్రాక్టరు లోడుకు ఇంతని గుత్తకు మాట్లాడి తెచ్చాడట. వాళ్ళలో రోజుకు ఎవరికెంత ముడుతుందో ఎవరూ అడగలేదు. మాకు పని లేదన్నారు. మేస్త్రీగిరి వేరేవాళ్ళకు ఇచ్చి, ఆ వయసులో మామ చేతికి గడ్డపలుగు ఇచ్చారు.

ఇల్లు ఖాళీ చెయ్యమని మాత్రం షావుకారు అనలేదు. అని ఉంటే ఏడ్చుకుంటూ ఎటో ఒకవైపు పోయేవాళ్ళం. అననందువల్ల ఎక్కడికీ పోలేకపోయాం. ఆయన బావి నీళ్ళే తాగాం, ఆయన కొట్లోనే జొన్నలు అరువు తెచ్చుకున్నాం.

మాచర్ల ఆయన మళ్ళీ వచ్చాడు. అర్జీ రాయించి మా వేలిముద్రలు తీసుకున్నాడు. ఆయన పాపం ఎన్నిసార్లు తిరిగాడో. కాంట్రాక్టు పనికి షావుకారుకు సంబంధం లేదని గుంటూరు ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. ఆ ఆఫీసరుకు అప్పటికే వేరే ఊరికి బదిలీ అయిందట.

ఆడవాళ్ళ కోపమంతా అత్త మీదికి మళ్ళింది. బావి దగ్గర ఒకామె మొహం మీదే అడిగింది, నీ మొగుణ్ణి కాపాడుకున్నావు, బాగానే ఉంది, ఆయన లేచి కూర్చున్నాక పేరెందుకు చెప్పావని. అత్త బిందె నింపుకుని వచ్చేసింది. మామా అదే అడిగాడు, నెలా రెండు నెలలు సరిగా మాట్లాడకుండా ఉండి ఉండి, ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని.

"నువ్వు పేరు చెప్పకుండా ఉండాల్సింది."

"నీ మీద రాయి పడతంటే చూస్తా కూర్చోవాల్సిందా?"

"అది వేరు."

"నాకు రెండూ ఒకటే," అంది అత్త. ఇంకొంచెం మజ్జిగ పోసింది. మామ తలెత్తలేదు గానీ, ఆ పూట కంచం ఖాళీ చేశాడు.

ఆ ఏడే సాగర్ కుడికాలువ పని మాకు నడకదూరంలోకి వచ్చింది. మట్టి తట్టలు మోయడానికి ఆడవాళ్ళను తీసుకుంటున్నారని తెలిసి, అత్తా నేనూ తెల్లవారుతూనే వెళ్ళాం. పేర్లు రాసుకునే గుమస్తా కూలి ఎంతో చెప్పాడు. మగవాళ్ళకు ఒకటి, మాకు ఒకటి. చట్టం రేటు ఎంతో ఇప్పుడు మాకు తెలుసు. తెలియని రోజుల్లో ఆ మాట ఇంత గుచ్చుకునేది కాదు. వెనక చాలామంది నిలబడి ఉన్నారు. పిల్ల నా చంకలో ఆకలికి గింజుకుంటోంది.

"తక్కువే అత్తా," అన్నాను మెల్లగా.

"తెలుసే," అంది. గుమస్తాతో, ఇది తక్కువ, రేటు ఇది కాదు, ఆ సంగతి నీకూ తెలుసు అని స్పష్టంగా చెప్పింది. ఇష్టమైతే చెయ్యి, లేకపోతే తప్పుకో అన్నాడతను. అత్త తప్పుకోలేదు. వంగి తట్ట తీసుకుంది.

ఆ కాలువ మీద ఏళ్ళ తరబడి పనిచేశాం. కొత్త కాంట్రాక్టరు వచ్చినప్పుడల్లా అత్త ఆ మాట ఒకసారి చెప్పేది, ఆ తర్వాతే తట్ట ఎత్తేది. ఆమె వెనక వాళ్ళు కూడా చెప్పడం మొదలుపెట్టారు. కూలి కొద్దికొద్దిగా పెరిగింది. మగకూలితో సమానం మాత్రం ఆమె ఉండగా కాలేదు. మామ ఆ బండల ఇంట్లోనే పోయాడు. నా రెండో బిడ్డ కూడా అందులోనే పుట్టాడు, మండే ఎండాకాలంలో. బండల కప్పు కాగకుండా దాని మీద తడి గోనెలు పరిచి, అవి ఆరిపోయినప్పుడల్లా అత్త ఆ రోజంతా నిచ్చెనెక్కి మళ్ళీ తడిపి వస్తూనే ఉంది.