వడియాల పిండి బ్రిగేడు

నెల రోజుల పాటు నేను మా ఇంట్లో ఒక్క నినాదం కూడా ఇవ్వకూడదట! పందెం ఓడిపోయాను మరి. పిడికిలి ఎత్తకూడదు, "వ్యవస్థ" అనే మాట ఎత్తకూడదు, కంచం ముందు ఉపన్యాసం అసలే కూడదు. రాయకూడదని మాత్రం ఎవరూ అనలేదు. అందుకే జరిగిన ఘోరం రాసి పెడుతున్నాను, చూడండి.

సాలూరులో మా మేనమామ కొడుకు, నా ఈడువాడే, బావ ఒకడున్నాడు. వాళ్లకి లారీలున్నాయి. వాడికేమో టేబుల్ మీద బొమ్మ సైన్యాలతో యుద్ధాలాడే పిచ్చి. పాచికలు వెయ్యడం, టేపుతో దూరం కొలవడం, దళాలు జరపడం. ఆ పిచ్చి నాకూ అంటించాడు. "నువ్వు యుద్ధానికి వ్యతిరేకివి కదా?" అని అడక్కండి. వాడు ఆడేది యుద్ధం. నేను చేసేది విముక్తి పోరాటం.

ఈసారి నేను ఎంచుకున్నది ఆధునిక ఆఫ్రికా సైన్యం. జంబారా అని ఒక దేశాన్ని నేనే సృష్టించి, దాని బ్రిగేడు ఎలా ఉండాలో వారమంతా చదివాను. చదివిన కొద్దీ ఒళ్లు మండింది! ట్యాంకులు పాత సోవియట్ టీ-55లు. చక్రాల మీద నడిచే సాయుధ కార్లు ఫ్రాన్సువి. ఫిరంగులు చైనావి. జపాను పికప్ వెనక మెషిన్‌గన్ బిగిస్తే అదొక యుద్ధవాహనం. అగ్రరాజ్యాల పాత సామానంతా ఒక్క బ్రిగేడులో!

"అమ్ముకునేది వాళ్లు, చచ్చేది వీళ్లు!" అని బావ మీద ఫోన్‌లో అరిచాను.

"సర్లేరా. మూడు పదాతి బెటాలియన్లు, ట్యాంకులు, ఫిరంగులు, ఒక హెడ్‌క్వార్టర్ బండి. బాగున్నాది. మరి లారీలేవి?"

"ప్రజాసైన్యానికి ప్రజలే లారీలు!"

"డీజిలు కూడా ప్రజలే తాగుతారేటి?"

నోరుమూసుకుని లారీలు కలిపాను. హెడ్‌క్వార్టర్ బండి దగ్గర మళ్లీ గొడవ. ఆట నియమం ప్రకారం ఆ ఒక్క బండి టేబుల్ మీద లేకపోతే ఆట పోయినట్టే. ఇది పచ్చి వ్యక్తిపూజ అన్నాను. "రూలు రూలేరా" అన్నాడు.

పందెం ఏమిటంటే, నేను గెలిస్తే వాడు నెల రోజులు నా అధ్యయన తరగతికి వచ్చి కూర్చోవాలి. వాడు గెలిస్తే నెల రోజులు నేను నోరు మూసుకోవాలి. సంగతి తెలియగానే మా నాన్న ఫోన్ తీసి "ఆల్ ది బెస్ట్" చెప్పాడు. నాకు కాదు, బావకి!

ఇక బొమ్మలు. బావవన్నీ విదేశాల నుంచి తెప్పించిన ప్లాస్టిక్. నేనూ అవే కొంటే నా సిద్ధాంతం ఏమైపోవాలి? స్వావలంబన! సరిగ్గా అప్పుడే అమ్మ వడియాలకి బియ్యప్పిండి ఉడికించింది. గిన్నెలో మిగిలిన పిండి చూడగానే నాకు బ్రిగేడు కనబడింది. ఉప్పు, జీలకర్రతో సహా ట్యాంకులు చేశాను. ఎడారి రంగుకి పసుపు, మచ్చలకి కాఫీ డికాక్షన్. ఫిరంగి గొట్టాలు పురిపెట్టడానికే ఒక పూట పట్టింది. అమ్మ వడియాలు పరిచిన పాత చీర చివర, డాబా మీద ఎండ బాగా తగిలే వైపు, బెటాలియన్ల వారీగా ఎండబెట్టాను.

ఆదివారం బావ దిగాడు. నేను టేబుల్ మీద దుప్పటి పరిచి, దాని కింద లావుపాటి రాజకీయ గ్రంథాలు పెట్టి కొండలు కడుతున్నాను. చదవడం ఎప్పటికీ కుదరని పుస్తకాలు, కొండలుగానైనా పనికొచ్చాయి. వంటింట్లోంచి నూనె వాసన. "భోజనానికి రండర్రా!" అని అమ్మ కేక.

కంచాల్లో పప్పుచారు. పక్కన బేసిన్ నిండా పచ్చగా ఉబ్బిన వడియాలు. ఒక వడియానికి గొట్టం ఉంది.

"అమ్మా! ఇవేమిటి?"

"నువ్వెట్టిన వడియాలేరా! నావింకా పచ్చిగున్నాయి, నీవైతే గలగల్లాడతన్నాయి." అమ్మ ముఖం వెలిగిపోతోంది. బావ వైపు తిరిగింది. "ఇంటిపని ఆడోళ్లొక్కలదే కాదని ఇన్నాళ్లూ నోటితోటే సెప్పినాడు నాయనా. ఇన్నాళ్లకి సెయ్యేసినాడు. పక్కింటావిడికి కూడా సూపించి, ఓ గిన్నెడు ఇచ్చీసినాను."

మొదటి బెటాలియన్ పక్కింట్లో! ఆ ముఖం చూసి నిజం ఎలా చెప్పను? ఈలోగా నాన్న రెండో బెటాలియన్‌ని చారులో ముంచేశాడు. బావ ఒక ఫిరంగి నోట్లో వేసుకుని, "అత్తా, సూపరున్నాయి" అన్నాడు.

అన్నం వదిలేసి, మిగిలిన సైన్యాన్ని బేసిన్‌తో సహా టేబుల్ దగ్గరికి తరలించాను.

"ఇప్పుడేటి సేస్తావు?" అన్నాడు బావ.

"ఆడతాను! చివరి వడియం వరకు!"

నమ్మండి, గెలుస్తూ వచ్చాను! పికప్‌లు పుస్తకాల కొండ చాటునుంచి దూసుకెళ్లాయి. పాచికలు నేను చెప్పినట్టు పడ్డాయి. నూనెలో ఉబ్బిన టీ-55లు బావ ప్లాస్టిక్ ట్యాంకుల్ని తరుముకుంటూ పోయాయి. ఇంకొక్క ఎత్తు వేస్తే వాడి హెడ్‌క్వార్టర్ నాది. "ఓడిపోనానేటిరా!" అని బావ తల పట్టుకున్నాడు. గుమ్మంలో నాన్న దిగాలుగా నిలబడ్డాడు.

ఆ ఎత్తు వేసెయ్యాలా, వద్దా? వెయ్యలేదు. లేచి పిడికిలి ఎత్తాను.

"చూశావా! కొనుక్కున్న ప్లాస్టిక్ ఓడింది, ప్రజల పిండి గెలిచింది!" గొంతు పెంచాను. ఆకలి దంచేస్తోంది. రెండో చెయ్యి దాని పని అది చూసుకుంటోంది. కరకర. జీలకర్ర భలే తగిలింది. "ప్రజాసైన్యాన్ని బయటి శత్రువు ఏమీ చెయ్యలేడు! లోపల ఉండి తినేసేవాడే అసలు..."

"ఒరే, ఏటి తింటన్నావు?" అన్నాడు బావ.

నమలడం ఆపాను. కిందికి చూశాను. నా హెడ్‌క్వార్టర్ బండి ఉండాల్సిన చోట దుప్పటి మీద నూనె మరక ఉంది.

"రూలు రూలేరా" అన్నాడు బావ మెల్లగా. నాన్న చప్పట్లు కొట్టాడు.

ఆ గోలకి అమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏటైందిరా? ఉప్పు గానీ ఎక్కువైపోనాదేటి?"

కుట్ర గురించీ, చరిత్ర గురించీ చాలా చెప్పాలనిపించింది. కానీ నెల అప్పటికే మొదలైపోయింది. నోట్లో ఉన్న హెడ్‌క్వార్టర్ మింగేసి, బాగుందని తలూపాను.

ఇప్పుడు మళ్లీ పిండి పిసుకుతున్నాను, నోరు మూసుకుని. పక్కింటావిడ గొట్టాలున్నవే కావాలందట.